లీదియా రాసిన భర్త

మార్కాపురంలో పలకల వ్యాపారం చేసే నాగేశ్వర్లు భార్య వసుంధర కథలు రాస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు. విజయవాడ నుంచి వచ్చే వారపత్రికలో ఆమెవి మూడు కథలు అచ్చయ్యాయి. మూడో కథకు బొమ్మ కూడా వేశారు. డాబా, వెన్నెల, పక్కన మంచినీళ్ల కూజా, భార్య జడలో పూలు తురుముతున్న భర్త. ఆ పత్రిక వచ్చిన వారం బజారు వీధి ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, "నాగేశ్వర్లన్న ఇంత సరసుడని మాకు తెల్దే!" అని బుగ్గలు నొక్కుకుని పోయారు. వసుంధర కూడా నవ్వింది. ఆ సమయానికి నాగేశ్వర్లు దుకాణం వెనక చెక్కపెట్టెల్లో వరిగడ్డి పరిపించి పలకలు సర్దిస్తున్నాడు. పూలు తురమడం మాట అటుంచి, పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆయన తన జడ పొడుగెంతో ఒక్కసారైనా చూశాడా అని ఆమెకు అనుమానం.

ఆయన చెడ్డవాడు కాదు. చెయ్యెత్తడు, మాట తూలడు. పెట్టింది తిని, పిల్లలిద్దరినీ ఒకసారి తల నిమిరి, పడుకుంటాడు. భార్య కథలు రాస్తుందంటే ఆయనకు గొప్పే. ఎవరైనా అడిగితే, "మా ఇంట్లో రాస్తాది. పేపర్లో ఏస్తారు" అని చెప్పుకుంటాడు. ఆ కథల్లో ఏముంటుందో మాత్రం ఆయనకు తెలియదు. అడగలేదు కూడా.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మూడో ఏడు, శాఖా గ్రంథాలయం వార్షికోత్సవానికి కథల పోటీ పెట్టారు. కథకు వస్తువు ఆనందం. మొదటి బహుమతి ఒక ఫౌంటెన్ పెన్ను, అయిదు పుస్తకాలు. కథలు చూసి తీర్పు చెప్పడానికి కంభంలో తెలుగు పండితుడుగా చేసి విరమించి, కూతురి దగ్గర మార్కాపురంలో ఉంటున్న వీరరాఘవయ్యను ఒప్పించారు. ఆయన ముక్కుసూటి మనిషి. కథ నచ్చకపోతే రాసినవాళ్ల ముందే అనేస్తాడు.

పోటీ ప్రకటన చూసిన రోజే వసుంధర ఆ పెన్ను తనదే అనుకుంది. తాలూకా మొత్తంలో అచ్చులో పేరు చూసుకున్న ఆడది తనొక్కతే. నాలుగు మధ్యాహ్నాలు తలుపు మూసుకుని రాసింది. వ్యాపారం పని మీద గుంతకల్లు బయలుదేరిన భర్తకు, రైలు కదిలాక ఆ రోజు భార్య పుట్టినరోజని గుర్తొస్తుంది. నడుమ స్టేషనులో దిగి, ఎదురు రైలు పట్టుకుని వెనక్కి వస్తాడు. భార్య తలుపు తీస్తుంది. అంతే కథ. రాసిన ఆమెకే చివరి పుటలో కళ్లు చెమ్మగిల్లాయి.

ఫలితాలు గ్రంథాలయం గోడకు అంటించిన రోజు ఆమె స్వయంగా వెళ్లింది. మొదటి పేరు తనది కాదు. శ్రీమతి లీదియా, ఉపాధ్యాయిని, మిషన్ బడి, తర్లుపాడు. తన పేరు రెండోది. కింద వీరరాఘవయ్య తన ముత్యాల్లాంటి చేతిరాతతో రెండు వాక్యాలు రాశాడు.

"రెండవ కథ రాసిన సోదరి ఆనందమును గురించి బాగుగా చదువుకొన్నది. మొదటి కథ రాసిన సోదరి ఆనందమును అనుభవించినది."

వసుంధర ఆ రెండు వాక్యాలూ చదివి, చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూసింది. బల్లల దగ్గర ముగ్గురు ముసలివాళ్లు పేపర్లు తిరగేస్తున్నారు. ఎవరూ తలెత్తలేదు. అయినా ఊరు ఊరంతా తన వైపు చూస్తున్నట్టు ఆమె ముఖం మండిపోయింది. కథ ఓడిపోతే సర్దుకునేదేమో. ఈ పండితుడు కథను పట్టుకుని తన సంసారాన్ని తూకం వేశాడు. పక్క తక్కెడలో తర్లుపాడు పంతులమ్మను కూర్చోబెట్టాడు.

"ఆ మొదటి కథ ఒకసారి చూడొచ్చునా?" అని గ్రంథపాలకుణ్ణి అడిగింది.

"ఇంటికి తీసకపోండమ్మా. ఆదివారం సభలోపల తెచ్చిస్తే చాలు" అన్నాడాయన.

పన్నెండు పుటల కథ. గీతల కాగితం మీద, పిల్లలకు నల్లబల్ల మీద రాసే గుండ్రటి అక్షరాలు. ఒక రాతిగని కూలీ, అతని భార్య, ఒక్కటే గది. సాయంత్రం అతను రాళ్ల దుమ్ముతో కనురెప్పలు తెల్లబడి ఇంటికొస్తాడు. ఆమె చెంబుతో నీళ్లు పోస్తుంటే ముఖం కడుక్కుంటాడు. తర్వాత గడప మీద కూర్చుని రోజూ ఒకే మాట అంటాడు. "ఈయాల నీకోసం ఒకటి చూసినా." ఒకరోజు గనిలో పొరల నడుమ గూడు పెట్టిన పిట్ట. ఒకరోజు దోర్నాల దారిలో అత్తను వీపున మోసుకుని శ్రీశైలం పోతున్న కోడలు. ఒకరోజు వానలో గొడుగు మడిచి చంకలో పెట్టుకుని తడుస్తూ పోతున్న ముసలాయన. రోజంతా తాను చూసినవాటిలో మంచిది ఏరి ఆమె కోసం తెస్తాడు. ఇంక తేవడానికి అతని దగ్గర ఏమీ లేదు. ఒకనాడు జ్వరమొచ్చి పనికి పోలేదు. సాయంత్రమైంది. ఈరోజు ఏం చూశావని ఆమె వేళాకోళానికి అడుగుతుంది. అతను, "నిన్నే చూసినా" అంటాడు.

వసుంధర కాగితాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది. తాను రాసిన రైలు, స్టేషను, పుట్టినరోజు అన్నీ ఒక్క దెబ్బకు గిల్టు నగల్లా కనిపించాయి. కథ బాగుంది. అది ఆమెకు తెలుసు, అందుకే మరీ కష్టంగా ఉంది. దానికన్నా కష్టమైనది ఇంకొకటి. ఇది తోచి రాసింది కాదు. ఇట్లాంటి మాటలు ఎవరికీ ఊరికే తోచవు. ఎవరో అన్నారు, ఈమె విన్నది. తర్లుపాడులో ఒక్క గదిలో, రాళ్లు కొట్టే మనిషి పక్కన కూర్చుని, ఆ పంతులమ్మ రోజూ సాయంత్రం ఇది వింటున్నది.

ఆ పూట నాగేశ్వర్లు భోజనానికి కూర్చున్నప్పుడు ఆమె పప్పు వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టి, "ఏమండీ, ఈరోజు ఏం చూసినారు?" అని అడిగింది.

"ఏంది?"

"పొద్దున పోయి ఇప్పుడొచ్చినారు గదా. బయట ఏమేం చూసినారని."

నాగేశ్వర్లు ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "స్టేషనుకు రెండు లారీల సరుకు పోయినాది. చెక్క ఇంకా రాలేదు. ఏంది, ఎవురన్నా ఏమన్నా చెప్పినారా?"

"ఏం లేదులెండి."

"నెయ్యి ఇట్లెయ్యి."

ఆమె నెయ్యి వేసింది. గిన్నె కాస్త గట్టిగానే కింద పెట్టింది. ఆయన చూడలేదు.

తర్వాత నాలుగు రోజులు వసుంధరకు అన్నం సహించలేదు. బజారులో గని పనివాళ్లు కనిపిస్తే వాళ్ల కనురెప్పల వైపు చూసేది. లీదియా భర్త పేరు సంజీవరావట, ఎవరో చెప్పారు. పొడుగ్గా ఉంటాడనుకుంది. నెమ్మదైన గొంతు అనుకుంది. ఆ గొంతు తన చెవి పక్కనే "నీకోసం ఒకటి చూసినా" అన్నట్టు అనిపించి ఉలిక్కిపడి, సిగ్గుపడి, ఆ సిగ్గు కూడా లీదియా మీద కోపంగా మారింది. గురువారం పొద్దున పిల్లలు బడికి పోగానే, తర్లుపాడులో ఉన్న తులసమ్మ చిన్నమ్మను చూసి వస్తానని చెప్పి బస్సెక్కింది.

చిన్నమ్మ ఇంట్లో అన్నం తిన్నాననిపించి, నాలుగు గంటలకు మిషన్ బడి దగ్గరికి నడిచింది. పిల్లలు గంట కొట్టకముందే సంచులు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. వాళ్లను వరసగా బయటికి పంపుతున్న మనిషికి ముప్పై ఏళ్లుంటాయి. సన్నగా, నల్లగా, ముంజేతి దాకా సుద్దపొడితో ఉంది. వసుంధర పేరు చెప్పేసరికి ఆమె కళ్లు ఇంతయ్యాయి.

"కథలు రాసే వసుంధరమ్మ గారా! అమ్మా, మీరా! మీ కథలన్నీ చదివినానమ్మా నేను. ఆ డాబా మీద కథ ఉండాది చూడండి, అది రెండుసార్లు చదివినా. మీవి చదివే నాకూ రాద్దామని బుద్ధి పుట్టినాది."

ఈ మాట వసుంధర ఎదురుచూసింది కాదు. కాస్త తడబడి, "నీ కథ చదివినాను. బాగుంది" అంది. ఆ మాట అనడానికి ఎంత కష్టమైందో తనకే తెలుసు.

"మా ఇంటి దాకా రాండమ్మా. దగ్గరే."

ఇల్లు నిజంగానే దగ్గర. నిజంగానే ఒక్క గది. అరుగు మీద లీదియా అత్త మగ్దలీనమ్మ చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. వచ్చినది ఎవరో విని, లేచి చాప దులిపి పరిచింది. వసుంధర తమ ఇంట్లో నీళ్లు తాగదని ఆ ఇద్దరికీ తెలుసు. అందుకని మంచినీళ్ల మాట ఎత్తకుండా, లీదియా చేటలో వేరుశనక్కాయలు తెచ్చి ముందు పెట్టింది. వసుంధర ఒక కాయ వలిచి, గింజలు నోట్లో వేసుకుని, వీధి వైపు చూస్తూ కూర్చుంది. ఆమె చూడవచ్చిన మనిషి ఇంకా రాలేదు.

పొద్దు వాలుతుండగా అతను వచ్చాడు. పొడుగు కాదు. పొట్టిగా, వెడల్పుగా, మెడ ముందుకు వంగి ఉన్నాడు. కనురెప్పల మీద దుమ్ము మాత్రం కథలో ఉన్నట్టే ఉంది. వసుంధరను చూసి చేతులు జోడించి, గోలెం దగ్గరికి వెళ్లి తనే నీళ్లు ముంచుకుని ముఖం కడుక్కున్నాడు. లీదియా చెంబు పట్టుకోలేదు. అసలు లేవనే లేదు. అతను తుండుతో తుడుచుకుంటుంటే మగ్దలీనమ్మ, "మేస్త్రీ వచ్చినాడా నాయనా?" అని అడిగింది. అతను తల ఊపాడు. "రేపు పని ఉండాదా?" అంది. మళ్లీ తల ఊపాడు. గుప్పెడు వేరుశనక్కాయలు తీసుకుని, వీధిలోకి వెళ్లిపోయాడు. ఒక్క మాట లేదు.

వసుంధర కాసేపు ఆగి చూసింది. అతను తిరిగి రాలేదు.

"ఇప్పుడొచ్చి చెప్తాడా?" అని అడిగేసింది.

"ఏందమ్మా?"

"ఆరోజు చూసిన సంగతి. కథలో రాసినావే."

లీదియాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది. మగ్దలీనమ్మ ఏమిటేమిటని అడిగితే చెప్పింది. ఆ ముసలామె కూడా చేతిలో చింతపండు వదిలేసి నవ్వింది.

"వాడా? వాడు నోరు తెరిస్తే గదా! చిన్నప్పుడు మూగోడేమో అని కంభం ఆసుపత్రికి ఎత్తకపోయినా నేను" అంది మగ్దలీనమ్మ.

"మరి అదంతా?"

"ఊరికే రాసినానమ్మా" అంది లీదియా, ఇంకా నవ్వు ఆగక కళ్లు తుడుచుకుంటూ. "మీరు రాసినట్టే. మా ఆయన మాట్లాడేవాడైతే నేను వింటా కూచుందును. రాసే పని ఏముండాది? ఇంట్లో ఉండేది ఎవురన్నా రాసుకుంటారా?"

వసుంధర ఛాతీ మీద బండ ఏదో దొర్లిపోయినట్టయింది. ఈమె కూడా తనలాంటిదే. ఈమెకూ ఏమీ లేదు. ఆ పండితుడు తప్పు తూకం వేశాడు. చేటలోంచి ఇంకో కాయ తీసుకుని వలిచింది. ఈసారి రుచి తెలిసింది. లీదియా మీద ఒక్కసారిగా జాలి కలిగింది. జాలిపడటం కూడా ఎంత హాయిగా ఉంటుందో!

"పాపం, నీకూ సుఖం లేదన్నమాట" అంది, గొంతు మెత్తగా చేసుకుని.

లీదియా నవ్వు మాని వింతగా చూసింది. "ఎందుకు లేదమ్మా?"

"ఇప్పుడే చెప్పినావు గదా."

"అది కథకు గదా. కథలో అట్ల ఉంటే బాగుంటాది." లీదియా చేటను మోకాళ్ల మీదికి లాక్కుని గుల్లలు ఏరి పారేస్తూ చెప్పింది. "పోయినేడు ఎండాకాలం ఆయన నెలన్నర దగ్గినాడమ్మా. గనిలో దుమ్ము గదా. ఆ దగ్గు పట్టుకున్నోళ్లు మా వీధిలో ముగ్గురు పోయినారు. నేనూ మా అత్తా ఒకరికి తెలియకుండా ఒకరం ఏడ్చుకుంటా తిరిగినాం. ఈ ఏడు ఎండాకాలమంతా పోయినాది, వాన పడినాది, ఆయనకు దగ్గు రాలేదు. పొద్దున నిద్ర లేస్తానే చెవి పెట్టి వింటా. గురక పెడతా ఉంటాడు. ఇంక నాకు ఆ పొద్దంతా బడిలో పిల్లోళ్లను కొట్టాలని కూడా అనిపించదు." కాస్త ఆగి, "ఇది రాస్తే ఎవురు చదువుతారు చెప్పండి? కథ ఏముండాది దీంట్లో? దగ్గు రాలేదు అంటే అయిపోయె" అంది.

మగ్దలీనమ్మ తల ఊపుతూ, "మా దేవుడు చూసినాడు" అంది.

వసుంధర నోట్లో గింజ నమలడం మరిచిపోయింది. దొర్లిపోయిన బండ వెనక్కి వచ్చి, ముందుకన్నా బరువుగా కూర్చుంది. ఈమెకు కథలో భర్త ఉన్నాడు, గురక పెట్టే భర్త కూడా ఉన్నాడు. ఇద్దరితోనూ సంతోషంగా ఉంది. నాగేశ్వర్లు కూడా గురక పెడతాడు. పద్నాలుగేళ్లుగా ఆ గురకకు తాను దిండు చెవి మీద వేసుకుని పడుకుంటున్నది.

తిరుగు బస్సులో ఆమె మనసు ఒకే చోట తిరిగింది. మార్కాపురంలో దిగి ఇంటికి పోలేదు. తిన్నగా వీరరాఘవయ్య కూతురింటికి వెళ్లింది. ఆయన వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు.

"పండితులు గారూ, మీరు అనుభవం అని రాసినారు. నేను ఈరోజు ఆ ఇంటికి పోయి చూసి వచ్చినాను. ఆమె మొగుడు ఆమెతో పలకనే పలకడు. ఉత్త కల్పన. నాదీ కల్పనే. అట్లాంటప్పుడు ఆమెను అనుభవించినదనీ, నన్ను చదువుకున్నదనీ గోడకు రాయడం న్యాయమేనా?"

వీరరాఘవయ్య కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాడు. "నీవు ఆ ఇంటికి పోయినది ఇందుకేనా తల్లీ?"

ఆమె వరండా మెట్ల వైపు చూసింది.

"కథకు ఇచ్చిన బహుమతి కథకే" అన్నాడాయన. "కాని నేను రాసిన వాక్యం తప్పయితే నా చేతితోనే కొట్టివేయవలె. ఆదివారం సభలో అడుగుతాను. నలుగురిలో రాసినది నలుగురిలోనే తేల్చుకుంటాను."

సభలో అడుగుతారని ఆమె అనుకోలేదు. వద్దని చెప్పడానికి నోటి దాకా వచ్చిన మాటను మింగి, నమస్కారం పెట్టి వచ్చేసింది.

ఆదివారం మూడున్నరకే గ్రంథాలయం హాలు నిండింది. నాగేశ్వర్లు కూడా దుకాణం మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. తర్లుపాడు నుంచి వచ్చినవాళ్లు మిషన్ గుడిలో ప్రార్థన ముగించుకుని, బస్సు దొరక్క లారీ ఎక్కి వచ్చారు. లీదియా తెల్లచీరలో అత్త పక్కన ఆడవాళ్ల వైపు ఒక మూల కూర్చుంది. వసుంధరను చూసి అంత దూరం నుంచే నవ్వింది. సంజీవరావు ద్వారబంధం దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఉపన్యాసాలయ్యాక వీరరాఘవయ్య లేచాడు. లీదియాను వేదిక దగ్గరికి పిలిచి, పెన్ను ఇంకా బల్ల మీదే ఉంచి, "అమ్మాయీ, బహుమతి నీదే. అందులో సందేహం లేదు. కాని నేను ఒక మాట రాసినాను, ఇది నీ అనుభవమని. కాదని నాకు ఒకరు చెప్పినారు. నీ భర్త నీతో ఆ విధముగా రోజూ చెప్పునా? ఔనో కాదో చెప్పు. కాకపోతే తప్పు నాది, నీది కాదు" అన్నాడు.

లీదియా మెడ వంచింది. బడిలో పిల్లల ముందు గలగలమని మాట్లాడే మనిషి కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆమె పెదవులు కదలడం వసుంధర చూసింది. కాదని చెప్పబోతున్నది. తన ఇంటి అరుగు మీద ఎంత తేలిగ్గా చెప్పిందో ఇక్కడా అంతే నిజం చెప్పబోతున్నది, కాని ఇక్కడ నవ్వు లేదు. చెప్పు, చెప్పేయమని వసుంధర లోపల ఏదో అంటూనే ఉంది.

"సారూ!"

అందరూ వెనక్కి తిరిగారు. సంజీవరావు గోడ వదిలి రెండడుగులు లోపలికి వచ్చాడు.

"అడగాల్సింది నన్ను గదా సారూ" అన్నాడు. గొంతు బొంగురుగా, వాడకం లేని తలుపులా ఉంది. "చెప్తా. దినామూ చెప్తా."

"దినమూ చెప్పుదువా?"

"చెప్తా సారూ."

వీరరాఘవయ్య పెదవుల మీద నవ్వు లాంటిది కనిపించింది. వదిలే మనిషి కాదు ఆయన. "అట్లయితే నాయనా, ఈ దినం ఏమి చూసినావు? అది చెప్పు, విందాం."

సంజీవరావు నేల చూశాడు. హాలులో ఎవరో కిసుక్కుమన్నారు. అతను తుండు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. ఇంక చెప్పలేడని వసుంధర అనుకున్నంతలో మొదలుపెట్టాడు.

"ఆ చీర సారూ. ఈమె కట్టుకున్నది. నిన్న ఉతికి ఆరేసినాది. ఆరినాక ఎండకు పట్టి చూసి, మళ్లా తీసకపోయి ఉతికినాది. సుద్ద మరక పోలేదనుకున్నాదేమో. నేను చెట్టు కింద చెప్పు కుట్టుకుంటా ఉన్నా. చూసినా. నేను చూసినట్టు ఈమెకు తెల్దు." ఊపిరి తీసుకుని, "రెండోసారి ఆరేసి, దాని కింద నిలబడి పాట పాడుకున్నాది" అన్నాడు. అని మళ్లీ వెళ్లి గోడకు ఆనుకున్నాడు.

చప్పట్లు మోగాయి. నాగేశ్వర్లు అందరికన్నా గట్టిగా కొట్టాడు. లీదియా రెండు చేతులతో ముఖం కప్పుకుని నిలబడిపోయింది. వీరరాఘవయ్య, "నా వాక్యం నిలిచింది" అని పెన్ను ఆమె చేతిలో పెట్టాడు.

రోజూ చెప్తాడన్నది అబద్ధమని ఆ హాలులో తెలిసినవాళ్లు నలుగురే. ఆ ఇంటి ముగ్గురు, వసుంధర. రోజూ చూస్తాడన్నది నిజమని మాత్రం ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది. లీదియాకు కూడా ఇప్పుడే తెలిసింది. ఆమె చేతులు తీసినప్పుడు ఆ ముఖం వసుంధర చూసింది. అట్లాంటి ముఖం తాను మూడు కథల్లో వర్ణించింది, ఎన్నడూ చూడలేదు. ఆ సంతోషాన్ని లీదియాకు తానే చేతులారా తెచ్చిపెట్టింది. పండితుడి దగ్గరికి తాను పోకపోతే ఆ మూగవాడు ఆ మాట అనేవాడు కాదు. రెండో బహుమతికి పిలిచినప్పుడు వెళ్లి, ఎవరి వైపూ చూడకుండా తీసుకుని వచ్చింది.

ఇంటికి నడుస్తూ నాగేశ్వర్లు, "భలే చెప్పినాడే ఆ మనిషి! చీర సంగతి!" అన్నాడు రెండుసార్లు. వసుంధర నడక వేగం పెంచింది. ఆయనకు అది నచ్చినందుకు కూడా ఆమెకు కుళ్లుగానే ఉంది.

పది రోజుల తర్వాత లీదియా గ్రంథాలయానికి పుస్తకాలు మార్చుకోవడానికి వచ్చి, వసుంధర ఇంటి గుమ్మంలో నిలబడింది. వసుంధర లోపలికి రమ్మని పీట వేసింది. లీదియా గడప బయటే కూర్చుంది. ఇద్దరూ కాసేపు పుస్తకాల గురించి మాట్లాడుకున్నారు. ఉండబట్టలేక వసుంధరే, "పండితులు గారికి చెప్పింది నేనే" అంది.

"తెలుసమ్మా. మీరు తప్ప మా ఇంటికి వచ్చి అడిగినోళ్లు ఎవురు?" అంది లీదియా. గొంతులో కోపం లేదు, చనువూ లేదు. "ఆ పొద్దు అక్కడ నిలబడినప్పుడు మీ మీద చానా కోపమొచ్చినాది. నలుగురిలో నన్ను అట్ల నిలబెట్టినారే అని. ఇంటికి పోయి తిడదామనుకున్నా. కానీ మీరు చెప్పకపోతే ఆయన నోట ఆ మాట వచ్చేది కాదు గదా. అందుకని తిట్టలేకపోతన్నా. తిట్టకుండా ఉండలేకపోతన్నా."

"ఇప్పుడు రోజూ చెప్తాడా?" అడగకూడదనుకుంటూనే అడిగింది వసుంధర.

"ఎక్కడమ్మా! ఆ పొద్దే. మళ్లా మామూలే. తల ఊపడమే." లీదియా పుస్తకాలు సర్దుకుని లేచింది. "నేను మాత్రం ఇప్పుడు చీర ఆరేసేటప్పుడు కూడా వెనక్కి తిరిగి చూసుకుంటన్నా" అని నవ్వి, బస్సు వేళయిందని వెళ్లిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు గ్రంథాలయానికి వచ్చినా ఈ గుమ్మం వైపు రాలేదు. ఏడాది తిరిగేసరికి గిద్దలూరుకు బదిలీ అయిందని తెలిసింది. మళ్లీ కథ రాసిందని ఎవరూ చెప్పుకోలేదు.

వసుంధర రాసిన రైలు కథ ఆ పోటీ తర్వాత వచ్చిన ఉగాదికి వారపత్రికలో అచ్చయింది. వారం తర్వాత బేస్తవారిపేట నుంచి పార్వతి అనే ఆమె ఇన్‌లాండు ఉత్తరం రాసింది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలా ఉంది. "మీ వారు ఎంత మంచివారో మీ కథ చదివితే తెలుస్తున్నది. అనుభవం లేకుండా ఇట్లా ఎవరూ రాయలేరు. చిన్నదాన్ని, తప్పుగా అనుకోవద్దు. మిమ్మల్ని తలుచుకుంటే నాకు ఒకటే కుళ్లుగా ఉంది" అని రాసింది.

వసుంధర ఆ చివరి వాక్యం నాలుగుసార్లు చదువుకుంది. చాలా నెలల తర్వాత ఆ పూట కడుపునిండా అన్నం తిన్నది. మధ్యాహ్నం జవాబు రాయడానికి కార్డు తీసుకుంది. "రైలు దిగి వచ్చినవాడు మా ఇంట్లో లేడమ్మా" అని మొదలుపెట్టింది. ఆపైన ఏదో ఒకటి రాయాలి. నాకూ సుఖముంది, అది వేరే, అని రాయాలి. అది ఏమిటో ఎంతసేపు కూర్చున్నా తట్టలేదు. తర్లుపాడు అరుగు మీద లీదియా రెండోమారు అడిగించుకోకుండా చెప్పేసింది. ఆ కార్డు చింపి ఇంకొకటి తీసుకుంది.

"చిరంజీవి పార్వతికి ఆశీస్సులు. నీ అభిమానానికి సంతోషం. మా ఇంట అందరం కులాసా" అని రాసింది. చదువుకుంది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. దుకాణానికి బయలుదేరుతున్న నాగేశ్వర్లు చేతికి ఇచ్చింది.

ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి, "నీ కథ చదివి రాసినారా ఎవురన్నా?" అన్నాడు.

"ఆ, బేస్తవారిపేట పిల్ల. బాగుందని రాసింది."

"బాగుంటాది" అని ఆయన దాన్ని జేబులో పెట్టుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.